వెనక రాడ్డు లావైతే మలుపు లొంగుతుందా?

కడప నుంచి రాయచోటికి పోవాలంటే గువ్వలచెరువు ఘాట్ దాటాలి. కర్నూలు, నంద్యాల, మైదుకూరు, కడప మీదుగా చిత్తూరు వైపు సాగే 40వ నెంబరు జాతీయ రహదారిలో ఒక ముక్క అది. మా ఈడువాళ్ల నోట్లో అది ఇంకా 18వ నెంబరు రోడ్డే. పాలకొండల్లో ఆ వంపులు తిరిగేటప్పుడు వెనక సీట్లో ముగ్గురుంటే ముగ్గురూ ఒకే పక్కకు ఒరుగుతారు, మరుసటి మలుపు రాగానే రెండో పక్కకు. గువ్వలచెరువు పాలకోవా అంగళ్ల దగ్గర దిగేసరికి పిల్లలకు కోవా మీద ఆశ కూడా పోయి ఉంటుంది.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా మనవడికి ఈ ఒరుగుడంటే గిట్టదు. "జేజినాయనా, వెనక చక్రాల మధ్య లావు స్టెబిలైజర్ రాడ్డు వేయిస్తే కారు మలుపులో రోడ్డుకు అతుక్కోని పోతాదంటాండారు. వేయించేదా?" అని అడిగినాడు. అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో తేలే ప్రశ్న కాదది. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను పిల్లలూ, కాస్త తీరిగ్గా కూర్చోండి.

ముందు ఈ ఒరుగుడు ఎందుకొస్తుందో చూద్దాం. కారు మలుపు తిరగాలంటే దాన్ని లోపలి వైపుకు ఏదో ఒకటి తొయ్యాలి. ఆ తోసేది రోడ్డే. టైర్ల అడుగు పట్టుకుని తోస్తుంది. కానీ కారు బరువు అడుగున లేదు, దాని కేంద్రం నేలకు అర మీటరు పైన ఎక్కడో ఉంటుంది. కింద లోపలికి తోపు. పైనున్న బరువేమో తిన్నగా పోదామని మొరాయింపు. ఈ రెండింటి నడుమ కారు పైభాగం బయటికి వాలుతుంది, బయటి స్ప్రింగులు నలుగుతాయి, లోపలివి సాగుతాయి.

ఎంత తోపు కావాలి? వేగాన్ని వేగంతోనే గుణించి, మలుపు వ్యాసార్ధంతో భాగిస్తే తెలిసిపోతుంది. 15 మీటర్ల వ్యాసార్ధమున్న ఇరుకు మలుపులో గంటకు 20 కి.మీ. వేగంతో తిరిగితే కారు బరువులో ఐదో వంతు తోపు చాలు. 30 అయితే దాదాపు సగం బరువంత కావాలి. 40 అయిందా, బరువులో 84 శాతం! పొడిగా, శుభ్రంగా ఉన్న తారు మీద మంచి టైరుకు కూడా అది అంచు మాట. పైన దుమ్మో గులకరాళ్లో ఉంటే టైరు అంతకు చాలా ముందే చేతులెత్తేస్తుంది. వేగం రెట్టింపైతే రోడ్డు నాలుగింతలు తొయ్యాలి. ఘాట్ ఎక్కే ప్రతి పిల్లవాడికీ ముందు ఈ లెక్క నేర్పించాలని నా పట్టుదల. రాడ్డు సంగతి ఆ తర్వాతే.

ఇప్పుడు ఆ రాడ్డు దగ్గరికొద్దాం. పాత సైకిల్ స్పోకు ఒకటి తెచ్చి, దాని రెండు కొసలనూ ఒకే వైపుకు మడవండి, చదరపు మూడు పక్కల ఆకారం వచ్చేట్టు. నడిమి భాగాన్ని బల్ల అంచు మీద పెట్టి, తమ్ముణ్ణో చెల్లెల్నో రెండు చోట్ల వేళ్లతో వదులుగా పట్టుకోమనండి. రెండు కొసలనూ కలిపి పైకెత్తండి. ఏ అడ్డూ లేకుండా లేస్తాయి, నడిమి భాగం ఉన్నచోటే తిరుగుతుంది, అంతే. ఇప్పుడు ఒక కొసను అదిమి ఉంచి, రెండోదాన్ని ఎత్తండి. నడిమి భాగం మెలిపడుతుంది, మీ వేలిని వెనక్కి నెడుతుంది. స్టెబిలైజర్ రాడ్డు పని మొత్తం ఇదే. నడిమి భాగం రెండు రబ్బరు బుష్షుల్లో కారు అడుగుకు బిగించి ఉంటుంది, కొసలు రెండూ లింకు రాడ్ల ద్వారా అటూ ఇటూ చక్రాల ఆర్ములకు తగులుకుని ఉంటాయి. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్‌బ్రేకర్ ఎక్కితే రాడ్డు పట్టించుకోదు. మలుపులో ఒకటి పైకి, ఒకటి కిందికి పోబోతే మాత్రం మెలిపడి అడ్డుకుంటుంది. కెనడా దేశస్థుడు స్టీఫెన్ కోల్‌మన్ 1919లోనే ఇలాంటి కమ్మీకి పేటెంటు తీసుకున్నాడు. నూరేళ్లు దాటినా మూలసూత్రం మారలేదు.

మెలిపడే కమ్మీ అంటే నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి ఉంది. 1784లో ఫ్రాన్సులో కూలుంబ్ అనే ఇంజనీరు సన్నని లోహపు తీగలను వేలాడదీసి, మెలిపెట్టి, అవి ఎంత గట్టిగా తిరగబడతాయో కొలిచాడు. మీ ఫిజిక్స్ పుస్తకంలో విద్యుత్ ఆవేశాల నియమంతో కనిపించే కూలుంబే ఆయన. ఆ నియమాన్ని తేల్చడానికి మరుసటేడు వాడిన త్రాసులో వేలాడింది ఇలా మెలిపడే తీగే. ఆయనకు తేలిందేమిటంటే, తీగ పొడవు రెట్టింపైతే మెలికకు ఎదురుతిరిగే బలం సగమవుతుంది. మరి లావు రెట్టింపైతే? రెండింతలు కాదు, నాలుగింతలూ కాదు, పదహారింతలు. వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది.

మనవడి రాడ్డుకు ఈ లెక్క పట్టించండి. 18 మిల్లీమీటర్ల రాడ్డు తీసి 20 మిల్లీమీటర్లది వేస్తే కంటికి తేడా కూడా తెలియదు. బిగువు మాత్రం 52 శాతం పెరుగుతుంది. 22 వేస్తే రెండుంబావు రెట్లకు దగ్గరవుతుంది. అమ్మేవాళ్లు "నాలుగు మిల్లీమీటర్లే కదా సార్" అంటే ఆ నాలుగు మిల్లీమీటర్ల వెనక కూలుంబ్ లెక్క ఉందని గుర్తుంచుకోవాలి. బోలు రాడ్డు కిటుకు కూడా ఇందులోనే ఉంది. 22 మిల్లీమీటర్ల రాడ్డుకు నడుమ 14 మిల్లీమీటర్ల రంధ్రం పెడితే బరువు 40 శాతం తగ్గిపోతుంది, బిగువు 16 శాతమే తగ్గుతుంది. మెలికను ఎదుర్కొనే భారం పై పొరలే ఎక్కువగా మోస్తాయి మరి. ఇంకో మాట. "మాది గట్టి ఉక్కు, అందుకే బిగువెక్కువ" అనేవాళ్లుంటారు. బిగువు విషయంలో మామూలు ఉక్కుకూ ఖరీదైన స్ప్రింగు ఉక్కుకూ తేడా లేదనే చెప్పాలి. ఖరీదైనది వంకరపోకుండా, విరగకుండా ఎక్కువ మెలికను ఓర్చుకుంటుంది, అంతవరకే. బిగువును నిర్ణయించేది లావు, పొడవు, ఆ పక్కనుండే కొసల పొడవు. కొన్ని రాడ్లకు కొసన రెండు మూడు రంధ్రాలుంటాయి, లింకును లోపలి రంధ్రానికి మారిస్తే చాలు. 20 సెంటీమీటర్ల కొస 18కి తగ్గితే రాడ్డు బిగువు దాదాపు నాలుగో వంతు పెరిగిపోతుంది.

పాత అంబాసిడర్ ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగులుండేవి కావు. పొడవాటి ఉక్కు కమ్మీలు మెలిపడుతూనే ఆ బరువంతా మోసేవి. మెలికకు ఎంత ఓపికుందో దానితోనే తెలుసుకోవచ్చు.

ఇంతవరకూ విని మా వాడు "అయితే లావుదే మంచిది కదా" అన్నాడు. చాలామంది పొరబడేది ఇక్కడే.

నలుగురు కూర్చున్న 1300 కిలోల కారును తీసుకుందాం. బరువు కేంద్రం 55 సెంటీమీటర్ల ఎత్తులో, చక్రాల మధ్య వెడల్పు మీటరున్నర. బరువులో పదింట నాలుగు వంతుల తోపుతో మలుపు తిరుగుతోంది. అప్పుడు లోపలి చక్రాల మీదనుంచి సుమారు 190 కిలోల భారం బయటి చక్రాల మీదికి జరుగుతుంది. రాడ్డు వేస్తే ఈ 190 తగ్గుతుందా? తగ్గదు. బరువు, ఎత్తు, వెడల్పు, తోపు, ఈ నాలుగే దాన్ని నిర్ణయిస్తాయి. కారు నిట్టనిలువుగా ఉన్నా అంతే, ఒరిగినా ఇంచుమించు అంతే. రాడ్డు ఒరుగుడును తగ్గిస్తుంది గానీ భారం జరగడాన్ని ఆపలేదు. ఆ 190 కిలోల్లో ముందు చక్రాల జత ఎంత మొయ్యాలి, వెనక జత ఎంత మొయ్యాలి అన్న పంపకాన్ని మాత్రం మార్చగలదు. ముందు జత 114, వెనక జత 76 మోస్తోందనుకోండి. వెనక లావు రాడ్డు వేస్తే అది 95, 95 కావచ్చు. బిగువుగా ఉన్నవాడి మీదికే ఎక్కువ పని వచ్చి పడుతుంది.

ఈ పంపకం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే టైరు స్వభావం తెలియాలి. టైరు మీద భారం పెరిగితే పట్టు పెరుగుతుంది గానీ, అదే నిష్పత్తిలో పెరగదు. లెక్క కోసం అనుకుందాం. చెరి 300 కిలోలు మోసే రెండు టైర్లు భారంలో 80 శాతం పట్టు ఇస్తే మొత్తం 480 కిలోల పట్టు. ఒకదాని మీద 450, ఇంకోదాని మీద 150 పడితే బయటిది 72 శాతమే ఇస్తుంది, లోపలిది 86 శాతం ఇస్తుంది. అప్పుడు 324, 129, కలిపితే 453. మొత్తం భారం మారలేదు, పట్టులో 27 కిలోలు పోయాయి. అంటే ఏ జతలో భారం తేడా ఎక్కువో ఆ జత పట్టు తగ్గుతుంది. వెనక రాడ్డు లావు చేస్తే వెనక పట్టు తగ్గి, ముందు పట్టు పెరుగుతుంది. కారు మలుపులోకి చురుగ్గా దూరుతున్నట్టు అనిపించేది అందుకే. వెనక వైపు పట్టు కొంత వదులుకుని ముందు వైపు కొనుక్కున్నాం.

మనం నడిపే చిన్న కార్లలో ఇంజనూ ముందే, తిప్పే చక్రాలూ ముందే. బరువులో ఎక్కువ భాగం ముందు చక్రాల మీదే ఉంటుంది. వేగం మీరితే ముందు టైర్లు ముందుగా జారుతాయి, స్టీరింగు తిప్పినంతగా కారు తిరగదు, మలుపు బయటికి పోతుంది. తయారీదారులు కావాలనే అలా చేస్తారు. భయపడిన మనిషి యాక్సిలరేటర్ వదిలేస్తాడు, స్టీరింగు ఇంకా తిప్పుతాడు. ముందు జారే కారులో ఆ రెండు పనులూ చాలావరకు కాపాడతాయి. వెనక జారే కారులో అవే ప్రాణం మీదికి తెస్తాయి, తోక బయటికి విసిరేసి కారు గిరగిరా తిరుగుతుంది.

దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణ అమెరికా కార్వెయిర్. 1960 మోడలుగా షెవర్లే తెచ్చిన ఆ కారు ఇంజను వెనక ఉండేది, తోక బరువెక్కువ. ముందు చక్రాలకు స్టెబిలైజర్ రాడ్డు పెట్టకుండానే అమ్మారు. మలుపుల్లో తోక తప్పుతోందని గోల పుట్టింది, 1964 మోడలుకు ముందు రాడ్డు ఇచ్చారు. 1965లో రాల్ఫ్ నాడర్ రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయమే ఆ కారు మీద. ఒకే రకం ఉక్కు కమ్మీ, ఏ కొసన పెట్టామన్నదాన్ని బట్టి ఒక కారును కుదురు చేస్తుంది, ఇంకోదాన్ని చెడగొడుతుంది. వాళ్లకు ముందు కావలసి వచ్చింది, మనవాడు వెనక అడుగుతున్నాడు.

ఈ పంపకం మన ఊళ్లోనే కళ్లారా చూడొచ్చు. ట్రాక్టరు ముందు ఇరుసును గమనించండి. నడుమ ఒక్క పిన్ను మీద ఊగుతుంది, గట్టు ఎక్కినా గుంట దిగినా రెండు చక్రాలూ నేలను వదలవు. ఒరగకుండా కాచే పని మొత్తం వెనక చక్రాలదే. ఆటోలో ముందు ఒక్కటే చక్రం, కాబట్టి అక్కడా భారమంతా వెనకదే. ఇరుకు మలుపులో ఆటో లోపలి వెనక చక్రం గాల్లోకి లేచేది ఇందువల్లే. లారీ దగ్గర ఎత్తు ముఖ్యం. మంగంపేట ముగ్గురాయికి నీటికన్నా నాలుగింతలకు పైగా సాంద్రత ఉంటుంది, పూర్తి లోడు వేసినా తొట్టి అడుగునే ఉంటుంది. అదే బరువు పత్తి వేస్తే మేడంత ఎత్తు లేస్తుంది. తూకం చీటీ మీద రెండూ ఒకటే, మలుపులో ఒకటి కావు. ఘాట్‌లో ఎత్తు లోడు లారీ పక్కన కారు నడిపేటప్పుడు దూరం పాటించమని అందుకే పోరుతుంటాను.

దిగేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. తిరుమల నుంచి దిగేది 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డులో. పల్లంలో బ్రేకు నొక్కితే భారం ముందుకు జరుగుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అప్పటికే పట్టు తగ్గిన వెనక టైర్లకు వర్షం కూడా తోడైతే? లావు రాడ్డు వేసుకున్న కారులో జారడం అక్కడే మొదలవుతుంది. మరీ త్వరగా దిగి రాకూడదని దేవస్థానం వాళ్లు పెట్టిన సమయం కట్టడిని మనసారా మెచ్చుకుంటాను నేను.

మన సీమలో తయారయ్యే కారు మాట కూడా చెప్పాలి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా కర్మాగారం నుంచి 2019లో తొలి సెల్టాస్ బయటికొచ్చింది. దాని వెనక చక్రాల మధ్య విడిగా రాడ్డు కోసం వెతక్కండి. రెండు చక్రాల ఆర్ములనూ కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు దూలం ఉంటుంది, అదే మెలిపడుతూ స్టెబిలైజర్ పని కూడా చేస్తుంది. టార్షన్ బీమ్ అంటారు. 1974 ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌తో ఈ పద్ధతి బాగా పేరుకెక్కింది. స్విఫ్ట్, ఐ20 లాంటివన్నీ ఈ తీరువే. వీటికి వెనక రాడ్డు "మార్చడం" ఉండదు, దూలానికి అదనపు కమ్మీ తగిలించడమే. బొలెరో లాంటి వాటికి వెనక కమాన్ కట్టలుంటాయి, వాటి లెక్క వేరే. కాబట్టి బండి కిందికి ఒకసారి తొంగిచూడకుండా ఎవరి మాటా నమ్మొద్దని వాడికి చెప్పినాను.

లావు రాడ్డుకు ఇంకో వెల కూడా చెల్లించాలి. కొత్త బిగువు మంచాన్ని ఎగుడుదిగుడు వాకిట్లో వేస్తే మూడు కాళ్లే ఆనతాయి, నాలుగోది గాల్లో ఉంటుంది. కీళ్లు వదులైన పాత నులక మంచం నాలుగు కాళ్లనూ నేలకు ఆనిస్తుంది. రాడ్డు లావైన కొద్దీ కారు కొత్త మంచమవుతుంది. ఒక చక్రం గుంటలో పడితే రెండోదాన్నీ తనతో లాగుతుంది, కారు పక్కలకు కుదుపుతుంది, తల కిటికీకి కొట్టుకుంటుంది. బండల లారీలు తిరిగి తిరిగి చెదిరిన పల్లె రోడ్ల మీద, ఒక పక్క తారు, ఒక పక్క మట్టి ఉన్నచోట ఇది రోజూ అనుభవంలోకొస్తుంది. నున్నటి రేసు ట్రాకు మీద అంత బాగా పనిచేసే వస్తువు ఎర్రగుంట్ల దారిలో విసిగిస్తుంది. నా మట్టుకు నేను, ఈ ప్రాంతంలో ఎక్కువ తిరిగే కారుకు లావు వెనక రాడ్డు వద్దనే అంటాను.

అయితే ఒరుగుడు సంగతేమిటి? ముందు ఉన్నవాటిని బాగు చేయించాలి. మన ఎండాకాలం 44 డిగ్రీలు దాటినప్పుడు కారు అడుగున ఎంత వేడో ఊహించుకోండి. ఏళ్లు గడిచే కొద్దీ బుష్షుల రబ్బరు గట్టిపడి, పగిలి, వదులవుతుంది. ఒక చక్రం గుంటలో పడినప్పుడు కింద టకటకమని శబ్దమొస్తే లింకు రాడ్డో, బుష్షో పోయిందని మెకానిక్కు ఇట్టే చెబుతాడు. అరిగిన బుష్షులో రాడ్డు కొంత కదిలిన తర్వాతే మెలిపడడం మొదలుపెడుతుంది, ఆ లోపు కారు ఒరిగిపోనే ఒరిగింది. బుష్షులు, లింకులు మార్చి, నీరసించిన షాకబ్జర్లు కొత్తవి వేయిస్తే చాలామందికి కొత్త కారు ఎక్కినట్టే ఉంటుంది. షాకబ్జర్ ఒరుగుడును పూర్తిగా ఆపదు గానీ ఎంత వేగంగా ఒరగాలో అదే నిర్ణయిస్తుంది. కడుపులో తిప్పేది చాలావరకు ఆ వేగమే. టైర్లు మంచివి, గాలి తలుపు పక్కన అంటించిన చీటీలో రాసినంత. పట్టు పెంచేది ఇదొక్కటే. డబ్బు పెట్టాల్సి వస్తే ముందు టైర్ల మీదే పెట్టమంటాను.

ఇంత చెప్పినా మనవడికి కోరిక చావలేదు. వాడి కారు మలుపులో ముందుకు జారడం నిజమే, వాడు తిరిగేది ఎక్కువగా బెంగళూరు వైపు మంచి రోడ్ల మీదే. సరే, వేయించుకునే పక్షంలో ఇలా చెయ్యమన్నాను. ఒక్క మెట్టే పెంచు, 18 ఉంటే 20, అంతకు మించొద్దు. రంధ్రాలుంటే మెత్తని రంధ్రంతో మొదలుపెట్టు. కారు కంపెనీ ఆ మోడలు కోసమే తయారుచేసిన సామాను అయితేనే తీసుకో. రాడ్డు బలమంతా పట్టేది బ్రాకెట్లూ వాటి బోల్టులూ కాబట్టి, పాత బ్రాకెట్టుకు తుప్పుంటే ఆ పని మానుకో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్ణయించిన తీరుకు విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అందుకని ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర కనుక్కో. బిగించేటప్పుడు కారు లిఫ్టు మీద వేలాడకుండా చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే ఆఖరి బిగింపు వేయించు, లేకపోతే బుష్షులు వంకరగా కూర్చుంటాయి. రాడ్డు వేయించిన తర్వాత వెనక టైర్లు అరిగినవి ఉంచనే ఉంచకు. 500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ ఒకసారి మళ్లీ బిగింపు చూపించుకుని, ఆ తర్వాతే గువ్వలచెరువు వైపు రా.